ముక్కుగుడ్డ

ముక్కుకి గుడ్డ కట్టుకోవటం మాకు కరోనా నేర్పలేదు. మాయమ్మ పొగాకు కంపెనీలో ఆకు రకాలు తీసేది. ప్రకాశం జిల్లా మాలపల్లె, మాదిగపల్లె ఆడోళ్ళకి యేటా కొన్ని నెలలు అదే బతుకు. తెల్లారకముందే పోయేది, చీకటి పడ్డాక వొచ్చేది. గోడౌన్లో ఆకు దుమ్ము పొగమంచులాగా నిలబడి వుండేది. పాత చీర చింపి ముక్కూ నోరూ కలిపి వెనక ముడేసుకునేవాళ్ళు. యింటికొచ్చి గుడ్డ విప్పితే లోపలివైపు కూడా మరకే. రాత్రంతా దగ్గు. ఆకు పని లేని రోజుల్లో మిరపకాయ కోతలు, కల్లాల్లో తాలుకాయలు యేరటం. అక్కడా అదే గుడ్డ, అదే దగ్గు. ‘ఘాటమ్మా, పొద్దునకి పోతదిలే’ అనేది. పొద్దున్నే మళ్ళీ అదే ఘాటులోకి పోయేది.

ఆ గుడ్డ కంపెనీ యివ్వలేదు. రైతు యివ్వలేదు. చీర మాదే, చింపుకున్నదీ మేమే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 14వ సెక్షన్ వొకటుండేది. పనిచేసే చోట లేచే దుమ్మూ పొగా కార్మికుల వూపిరిలోకి పోకుండా యాజమాన్యమే చూడాలని అది చెప్పేది. నేను చదువుకుని, వుద్యోగమొచ్చి, పుస్తకాలు తిరగేసే తీరిక దొరికాక గానీ ఆ సంగతి నాకు తెలవలేదు. మాయమ్మకి అప్పటికీ తెలవదు. తెలియాల్సినోళ్ళకి మాత్రం మొదట్నుంచీ తెలుసు. నా చిన్నతనంలో వొక్క ఆఫీసరన్నా వొచ్చి ‘యీ ఆడోళ్ళ ముక్కులకి యేమిచ్చారయ్యా’ అని అడిగాడని మా పల్లెలో యెవరూ చెప్పుకోలేదు.

2020 ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ వుత్తర్వు వొచ్చింది. బహిరంగ స్థలాల్లో, పనిచేసే చోట్ల అందరూ ముఖానికి తొడుగు పెట్టుకోవాలని. మన రాష్ట్రంలో మనిషికి మూడు మాస్కుల చొప్పున పంచుతామన్నారు. కుట్టే పని డ్వాక్రా సంఘాలకిచ్చారు. మా వదిన కూడా మిషను ముందు కూచుని రాత్రింబవళ్ళు కుట్టింది. చూడండి, మాయమ్మ ముక్కుగుడ్డకి చట్టం వొచ్చింది! యెప్పుడొచ్చింది? మాయమ్మ ముక్కులోకి దుమ్ము పోతున్న యిరవై యేళ్ళలో రాలేదు. మాయమ్మ ముక్కులోంచి జబ్బు బయటికొచ్చి యింకొకరికి తగులుతుందేమోనన్న భయం పుట్టినప్పుడు వొచ్చింది. గుడ్డ మాస్కు కట్టుకున్నవాడికన్నా యెదుటివాడికే యెక్కువ కాపుదల అని అప్పట్లో డాక్టర్లే చెప్పారు.

పీష్వాల పుణేలో అంటరానివాళ్ళు వుమ్మి నేలమీద పడకుండా మెడలో ముంత కట్టుకుని తిరగాల్సి వొచ్చిందని అంబేద్కర్ 1936లో రాశాడు. మన పిల్లలందరికీ తెలిసిన సంగతే అది. అప్పుడు మా వుమ్మి వొక్కటే అంటు. 2020లో అందరి వుమ్మీ అంటయింది. కలెక్టరు తుంపరా కూలోడి తుంపరా వొకటేనని వైరస్ తేల్చింది. యిన్నాళ్ళకి వొక్క విషయంలోనన్నా సమానమయ్యామని నేను అనుకునేలోపే రెండు వార్తలొచ్చాయి. రెండూ మాస్కు గురించే.

మొదటిది నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిది. డాక్టర్ సుధాకర్ మత్తు డాక్టరు, దళితుడు. యెన్-95 మాస్కులూ రక్షణ కిట్లూ చాలటం లేదని 2020 ఏప్రిల్లో బయటికి చెప్పాడు. సస్పెండయ్యాడు. మే 16న విశాఖపట్నం రోడ్డుమీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టేసి, పోలీసులు ఆయన్ని పడేసిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. తాగి గొడవ చేశాడని పోలీసులన్నారు. అక్కణ్ణించి మానసిక ఆస్పత్రికి పంపారు. హైకోర్టు సీబీఐ విచారణకి ఆదేశించింది. 2021 మేలో ఆయన చనిపోయాడు.

రెండోది చీరాలది. 2020 జులైలో బండిమీద పోతున్న యిద్దరు దళిత యువకుల్ని మాస్కు లేదని పోలీసులు ఆపారు. అందులో వొకతను తలకి దెబ్బ తగిలి, నాలుగు రోజులకి గుంటూరు ఆస్పత్రిలో చనిపోయాడు. జీపులోంచి దూకాడని పోలీసులన్నారు. కొట్టి చంపారని తల్లిదండ్రులన్నారు. ఎస్సైని సస్పెండ్ చేశారు, పది లక్షలు ప్రకటించారు. 1985 జులైలో కారంచేడు మాదిగలు ప్రాణాలు చేతబట్టుకుని తలదాచుకున్న చీరాలే అది. అప్పుడు మంచినీళ్ళ చెరువు, ముప్పై అయిదేళ్ళకి ముక్కుగుడ్డ.

మాస్కు కావాలన్నవాడూ మావాడే. మాస్కు లేనివాడూ మావాడే. అడిగితే చేతులు కట్టేస్తారు, లేకపోతే ప్రాణం పోద్ది. చేతులు జోడించుకుని, యిచ్చినప్పుడు తీసుకుని, చెప్పినప్పుడు పెట్టుకునేవాడే వాళ్ళకి కావాలి.

యిక మా బడి సంగతి చెప్తాను.

2021 ఫిబ్రవరి 1న ప్రాథమిక తరగతులు మొదలయ్యాయి. పదినెలలుగా పిల్లలు అక్షరాలు మర్చిపోయి వున్నారు. మాస్కు తప్పనిసరి. స్టాఫ్‌రూములో రోజూ అదే గొడవ. వూపిరాడటం లేదని వొకరు, కళ్ళద్దాలకి ఆవిరి పడుతుందని వొకరు, అరిచి అరిచి గొంతు పోయిందని వొకరు. యీ చిరాకు అబద్ధమని నేననను. నాదీ అదే బాధ. రెండో తరగతి పిల్లకి ‘ప’కీ ‘ఫ’కీ తేడా, ‘బ’కీ ‘భ’కీ తేడా పెదాలు చూపించకుండా యెట్లా చెప్పాలి? ‘శ’, ‘ష’, ‘స’ అంటే నాలుక యెక్కడ ఆనిందో గుడ్డ వెనకనుంచి యెట్లా తెలుస్తుంది? యింట్లో చదువు చెప్పే అమ్మానాన్నలు వున్న పిల్లలకి యింకో నోరు వుంది చూసి నేర్చుకోటానికి. మా పిల్లలకి టీచరు నోరు వొక్కటే. అది కూడా మూసేశారు.

నేను పిల్లల్ని వేపచెట్టు కిందికి తీసుకుపోయాను. గాలి ఆడే చోట, వాళ్ళకి దూరంగా నిలబడి, అక్షరం పలికేటప్పుడు మాత్రం మాస్కు కిందికి దించి చెప్పేదాన్ని. గదిలోకి రాగానే మళ్ళీ పైకి. పిల్లలు ఆ ఆటకి నవ్వేవాళ్ళు. పాఠం మాత్రం పట్టుకున్నారు.

మా స్టాఫులో వొకాయనకి మాస్కు యెప్పుడూ గడ్డం కిందే. అడిగితే, ‘వీళ్ళకేం కాదండీ మేడం, మురిక్కాలవల పక్కన పెరిగినోళ్ళు, రోగనిరోధక శక్తి యెక్కువ’ అన్నాడు. అదే మనిషి మా పల్లె పిల్లోడు వొకసారి దగ్గితే, ‘రేయ్, మాస్కు సరిగా పెట్టుకుని చివరికి పోయి కూచో’ అని గద్దించాడు. పొద్దున మాకు రోగమే రాదు. మధ్యాహ్నం రోగమంతా మా దగ్గరే వుంది. రెండు మాటలకీ కులం వొకటే గదా. నేను పైకే అన్నాను, ‘సార్, మాకు రోగం వొస్తదో రాదో ముందు మీరు తేల్చుకోండి’ అని. తర్వాత కొన్నాళ్ళు ఆయన నాతో మాట్లాడలేదు. చదువుకి నష్టం రాలేదు.

దూరం సంగతీ అంతే. 2020 మార్చిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘సామాజిక దూరం’ అనొద్దు, ‘భౌతిక దూరం’ అనాలని చెప్పింది. మన దగ్గర గోడలమీద, టీవీలో ‘సామాజిక దూరం పాటించండి’ అనే మాటే మోగింది. పాటించమని చెప్పాలా దీన్ని? వూరికీ వాడకీ మధ్య యెన్ని తరాలుగా పాటిస్తున్నారు! మధ్యాహ్నం అన్నానికి వరండాలో ముగ్గుపిండితో గళ్ళు గీశారు. గళ్ళు సమానంగానే వున్నాయి. పిల్లల్ని కూచోబెట్టేటప్పటికి వూరి పిల్లలు నీడలో, పల్లె పిల్లలు యెండలో పడ్డారు. మర్నాడు నేను హాజరుపట్టీ వరసలో కూచోబెట్టాను. కులం చూసి వరస కట్టే పని అక్షరక్రమానికి చేతకాదు.

వొకరోజు గేటుదగ్గర హెడ్మాస్టరు గారు చేతిలో జ్వరం చూసే మిషను పట్టుకుని నిలబడ్డారు. మాస్కు లేని పిల్లల్ని వెనక్కి పంపుతున్నారు. నాలుగో తరగతి పిల్ల వొకతి వెళ్ళకుండా గోడపక్కన నిలబడి వుంది. ‘యేమ్మా, మాస్కేది?’ అన్నాను.

‘మా అమ్మ కట్టుకుపోయింది టీచర్, మిరపకాయల్లోకి.’

యింట్లో నలుగురు. గవర్నమెంటు యిచ్చిన మాస్కులు యేడాది వుతుకులకి పీలికలయ్యాయి. మిగిలింది వొకటి. ఆ వొక్క గుడ్డా తల్లి ముక్కుకి ఘాటు నుంచి కాపలా కాయాలా, పిల్ల చదువుకి గేటు తెరవాలా? ఆ తల్లిని తప్పు పట్టగలవాళ్ళు మిరప కల్లంలో వొక్క పూట కూచుని రావాలి.

నా చేతిరుమాలు కట్టి పిల్లని లోపలికి తీసుకుపోయాను. హెడ్మాస్టరు గారు చెడ్డమనిషి కాదు. ‘రూలు రూలేనమ్మా. పైనుంచి ఫొటోలు అడుగుతున్నారు. రేపెవరికన్నా వొస్తే నా మెడకే చుట్టుకుంటది’ అన్నారు. ‘రూలు వొద్దనటం లేదు సార్. మాస్కు పెట్టాలన్నారు గానీ, లేని పిల్లని బడికి దూరం చెయ్యమనలేదు గదా’ అన్నాను. ఆయన కాసేపు వూరుకున్నారు. ఆ వారమే తల్లిదండ్రుల కమిటీని పిలిచి తానుగుడ్డ కొనిపించారు. మా వదిన సంఘంలో కుట్టించి పిల్లకి రెండు చొప్పున యిచ్చాం. వొక మాస్కు ముఖాన, వొకటి దండెం మీద. గేటు దగ్గర పిల్లల్ని తిప్పిపంపటం ఆగింది.

అయితే ఏప్రిల్లో బళ్ళు మళ్ళీ మూతపడ్డాయి. రెండో వేవులో మాతో పనిచేసినోళ్ళు కూడా పోయారు. అందుకే మాస్కు వుత్త నాటకమని యెవరన్నా అంటే నేను వొప్పుకోను. ఆగస్టు 16న బడి తెరిస్తే ఆ నాలుగో తరగతి పిల్ల రాలేదు. పత్తిచేలో కలుపు తీస్తుంది. మూడుసార్లు వాళ్ళింటికి తిరిగితే నాలుగోసారి వొచ్చింది. మాస్కు వుంది. మర్చిపోయిన యెక్కాలు మాత్రం మళ్ళీ రెండో యెక్కం నుంచి.

యిదంతా జరుగుతున్నప్పుడు యెవరూ చూడని ముక్కు వొకటి మా బళ్ళోనే వుంది. మరుగుదొడ్లు కడిగే ఆయాది. 2021లో అమ్మఒడి పదిహేను వేలలోంచి వెయ్యి రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణకి తీసుకున్నారు. ఆయాలకి నెలకి ఆరువేలు. మా బడి ఆయా మా పల్లె మనిషే, వరసకి నాకు పిన్ని. వూరివాళ్ళెవరూ ఆ పనికి పోటీకి రాలేదని వేరే చెప్పక్కర్లేదు. రోజూ దొడ్లు ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. గచ్చు తెల్లగా వుందా లేదా అనేదే ఫొటోలో కనపడాలి. కడిగిన మనిషి కనపడక్కర్లేదు.

వొకరోజు యాసిడ్ పోసి బయటికొచ్చి, గోడకానుకుని దగ్గుతుంది. ముక్కుకి కొంగు చుట్టుకుంది. ‘మాస్కు పెట్టుకోలేదేం పిన్నీ’ అన్నాను. ‘పెట్టుకున్నానమ్మా టీచరమ్మా. పల్చటి గుడ్డ అది, ఘాటు ఆగదు. కరోనాకి పనికొస్తదేమో గానీ యాసిడ్‌కి పనికిరాదు’ అంది. బడిలో అందరి ముక్కులకీ రూలుంది. అందరికన్నా యెక్కువ ప్రమాదంలో వున్న ముక్కుకి పనికొచ్చే గుడ్డ లేదు. పాకీపనిని నిషేధించిన 2013 చట్టం కింద రక్షణ సామగ్రి జాబితా రాసిపెట్టారు. అది గుంతలో దిగేవాళ్ళ కోసమట. బడి దొడ్డి కడిగే ఆడమనిషిని యే జాబితాలో రాయాలో యెవరికీ తట్టలేదు.

2022 మార్చి 31తో విపత్తు చట్టం కింద యిచ్చిన కరోనా ఆంక్షలకి కేంద్రం ముగింపు పలికింది. స్టాఫ్‌రూములో ‘హమ్మయ్య’ అన్నారు. మాస్కులు చెత్తబుట్టలో పడ్డాయి. ఆ చెత్తబుట్ట యెత్తింది మా పిన్నే, కొంగు ముక్కుకి చుట్టుకుని. రెండేళ్ళు వూపిరాడలేదని బాధపడినోళ్ళలో వొక్కరికీ ఆమె వూపిరి గుర్తుకి రాలేదు.

మన సభల్లో కొందరు మిత్రులు మాస్కు రూలు మొత్తం రాజ్యం పెత్తనమేనని మాట్లాడుతుంటే విన్నాను. నేనట్లా అనలేను. గుడ్డ ముక్కకి గుణం వుంది, అది మా ఆడోళ్ళకి యెప్పట్నుంచో తెలుసు. నా తగాదా గుడ్డతో కాదు. రూలు పెద్దోళ్ళ ముక్కుకి భయమేసినప్పుడే నిద్రలేస్తది, మళ్ళీ వాళ్ళ భయం తీరగానే పడుకుంటది. మధ్యలో లాఠీ మాత్రం మా వీపుమీద లేచి వుంటది. వూపిరికి హక్కు వుందని వొప్పుకుంటే అది రోగం వున్న రోజుల్లోనూ వుండాలి, రోగం లేని రోజుల్లోనూ వుండాలి.

ఆ యేడు బడి తెరిచాక తల్లిదండ్రుల కమిటీలో నేను తీర్మానం పెట్టాను. ఆయాకి ఘాటు ఆపే మాస్కులు, చేతి తొడుగులు, బూట్లు బడి ఖర్చుతో కొనాలని. ‘కరోనా పోయింది గదా మేడం’ అన్నారొకరు. యెండలో కూచున్న పిల్లల తల్లులే ముందు చెయ్యెత్తారు. తీర్మానం పుస్తకంలో సంతకాలూ వేలిముద్రలూ పడ్డాయి. వస్తువులు రావటానికి నాలుగు నెలలు పట్టింది, వొచ్చాయి.

వొక బడిలో వొక ఆయాకి అంతే అయింది. యిది చదివే విద్యార్థులకి వొక పని చెప్తాను. రేపు పొద్దున మీ కాలేజీలో, మీ హాస్టల్లో దొడ్లు కడిగే మనిషి దగ్గరికి పోండి. పేరడగండి. ముక్కుకి యేం కట్టుకుందో చూడండి. కొంగే అయితే, ప్రిన్సిపాల్ గదిలోకి పోయి ఆ కొంగు సంగతి మాట్లాడండి.