తాళంచెవి ఎవరి దగ్గర?

ఆ రాత్రి వాసనను మొదట పసిగట్టినది మా అమ్మ. పదకొండు గంటలు దాటింది. ఆమె నా గది తలుపు తట్టి, "గ్యాసు వాసన వస్తున్నదిరా. మన పొయ్యి కాదు, చూచే వచ్చాను" అన్నది.

సూరత్ నగరంలో చాలా ఇండ్లకు వంటగ్యాసు గొట్టాల ద్వారానే వస్తుంది. మా భవనంలో ప్రతి ఇంటి గొట్టానికీ వెలుపలివైపున ఒక మర ఉన్నది. నేను మెట్లు దిగి మూడవ అంతస్తు చేరేసరికి వాసన ఘాటెక్కింది. ఎదుటి ఇంటి గుజరాతీ వ్యాపారి అప్పటికే వసారాలోకి వచ్చి, ఎవరూ గంట మీట నొక్కవద్దనీ, దీపం వేయవద్దనీ పిల్లలను వారిస్తున్నాడు. వాసన వస్తున్న ఇంటికి తాళం వేసి ఉన్నది. నేను తడుముకుంటూ మర కట్టివేశాను. ఇంటి యజమానురాలు హైదరాబాదులో కుమారుని వద్ద ఉన్నది. ఆమె ఫోను మ్రోగి మ్రోగి ఆగిపోయింది. కాపలాదారు దగ్గర మారు తాళంచెవి లేదు. పసిపిల్లలను, వృద్ధులను క్రిందికి దింపి, గంటకు పైగా ఆవరణలోనే కూర్చున్నాము.

పన్నెండున్నరకు ఆ ఇంటిలో బస చేసినవారు తినుబండారాల పొట్లంతో తిరిగి వచ్చారు. ఇద్దరూ చీరల వర్తకులు, మన తెలంగాణ వారే. పొయ్యి మీద టీ పెట్టి, ఎవరో పిలిస్తే ఫోనులో మాట్లాడుకుంటూ దిగి, అటే భోజనానికి వెళ్ళారట. టీ పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు మాత్రం ఆగలేదు. విషయం తెలిసి వారిలో పెద్దాయన అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు.

ఇంతకూ ఆ ఇంటి సంగతి చెప్పాలి. యజమానురాలిని నేను అక్కా అని పిలుస్తాను. ఆమె భర్త రింగు రోడ్డు బట్టల మార్కెట్లలో దళారీగా ఉండేవాడు. ఆంధ్ర, తెలంగాణల నుండి సరుకు కొనడానికి వచ్చే దుకాణదారులను మిల్లుల చుట్టూ, గద్దీల చుట్టూ త్రిప్పి బేరాలు కుదిర్చేవాడు. ఆయన పోయిన తరువాత ఇంటి అప్పు మిగిలింది, ఆ వర్తకుల పరిచయం మిగిలింది. రెంటినీ జతచేసి ఆమె ఇంటిని రోజు లెక్కన బసకు ఇవ్వసాగింది. మొదట ఆమె అక్కడే ఉండి వండిపెట్టేది. మనుమరాలు పుట్టి హైదరాబాదు వెళ్ళిన తరువాత తలుపు ప్రక్కన అంకెల తాళం ఉన్న చిన్న పెట్టె వెలిసింది. వచ్చేవారికి ఫోనులో నాలుగంకెలు పంపిస్తే పెట్టె తెరచి తాళంచెవి తీసుకుంటారు. వెళ్ళేటప్పుడు అందులోనే వేస్తారు. నెలల తరబడి ఆ ఇంటిలోకి ఎవరు వచ్చారో, ఎవరు పోయారో మాకెవ్వరికీ తెలియదు.

నేను మా గృహ సహకార సంఘానికి కార్యదర్శిని. మరునాడే ఇరవై మంది సంతకాలతో వినతి నా చేతికి వచ్చింది. పదకొండు నెలలకు తక్కువ కాలానికి ఏ ఇంటినీ ఎవరికీ ఇవ్వరాదని తీర్మానించాలట. ముసాయిదా వ్రాయవలసినది నేను. ఆ కాగితం ముందు మూడు రాత్రులు కూర్చున్నాను.

కారణం ఉన్నది. నన్ను పెంచినది అటువంటి బస సొమ్మే.

మా నాన్న సిరిసిల్ల ప్రాంతం నుండి సాంచెలు నడపడానికి సూరత్ వచ్చాడు. మరమగ్గాలను మా వైపు సాంచెలంటారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీ కుటుంబాలు వేల సంఖ్యలో లింబాయత్, ఉధనా పరిసరాలలో స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతుందంటే మా జనాభా ఎంతో ఊహించుకోవచ్చు. నా అ ఆలు అక్కడివే. లింబాయత్‌లో మా నాన్న రెండు గదుల ఇల్లు కట్టి, పైన రేకులు కప్పి ఇంకొక గది వేశాడు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ దిగిన కుర్రవాడికి ఊరిలో ఎవరూ తెలియకపోతే మా ఇంటి గుర్తు చెప్పి పంపేవారు. పని దొరికేవరకు రోజుల లెక్క, దొరికిన తరువాత వారాల లెక్క. పగటి పాళీవాడు లేచిన చాప మీద రాత్రి పాళీవాడు పడుకునేవాడు. మన పాత పుస్తకాలలోని పూటకూళ్ళ ఇంటికి మా ఇల్లు దూరపు చుట్టమనుకోవచ్చు. 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ మాట వచ్చినప్పుడల్లా మా అమ్మ చిన్నబుచ్చుకునేది.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు ప్రబలినప్పుడు నాకు పదునాలుగేండ్లు. లక్షలాది జనం రైళ్ళ మీద, బస్సుల మీద నగరం విడిచి పారిపోయారు. మా రేకుల గదిలో ఒక కుర్రవానికి జ్వరం వచ్చింది. గంటలో వీధి వీధంతా మా గుమ్మం ముందు చేరింది. వాణ్ణి వెళ్ళగొట్టమన్నారు. మా అమ్మ గుమ్మంలో నిలబడి, "రాత్రికి ఎక్కడికి పంపను? తెల్లవారి ఆసుపత్రికి తీసుకుపోతాము" అన్నది. అది మలేరియా అని తేలింది. ఈ కథను నేను చాలాకాలం మా అమ్మ ధైర్యానికి నిదర్శనంగా చెప్పుకున్నాను. మొన్న ముసాయిదా ముందు కూర్చున్నప్పుడు మళ్ళీ జ్ఞాపకం చేస్తే ఆమె అన్న మాట వేరు: "వాళ్ళది తప్పేమున్నదిరా? వాళ్ళకూ పిల్లలున్నారు. నేను అక్కడ లేకపోతే వాళ్ళు ఎవరిని అడగాలి?"

మరుసటి ఏడాది ఎస్.ఆర్. రావు అనే తెలుగు అధికారి నగరపాలక కమిషనర్‌గా వచ్చాడు. పలుకుబడి గలవారి అక్రమ కట్టడాలనైనా కూల్చడానికి వెనుకాడని మనిషి. చెత్తతో, మురుగుతో నిండిన నగరం ఏడాదిన్నరలో రూపు మారి, దేశంలో చండీగఢ్ తరువాత రెండవ పరిశుభ్ర నగరంగా 1996లో గుర్తింపు పొందింది. తన గోడ మీదికి పలుగు వచ్చినవాడు సంతోషించడు. అయినా ఈనాటికీ ఈ నగరంలో ఆయన పేరు గౌరవంతోనే వినబడుతుంది.

నియమం అమలు కాని చోట ఏమి జరుగుతుందో కూడా సూరత్ చూచింది. 2019 మే 24న సర్థానాలోని తక్షశిల భవనంలో మంటలు లేచాయి. అనుమతి లేకుండా పైకప్పు మీద వేసిన గదిలో చదువుకుంటున్న పిల్లలు 22 మంది బలైపోయారు. కొందరు కిటికీల నుండి దూకడం దేశమంతా చూచింది. ఆ రాత్రి ఆవరణలో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. అందరి మనసులోనూ అదే ఉన్నదని నాకు తెలుసు.

ముసాయిదా కోసం చట్టాలు తిరగవేశాను. ఆస్తి హక్కు ఒకప్పుడు మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కు. 1978 నాటి నలుబది నాలుగవ సవరణ దానిని ఆ వరుస నుండి తొలగించి 300-ఎ అధికరణంలో చేర్చింది. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ హరించరాదన్నది దాని సారాంశం. ఇక సంఘాల విషయం. అహమ్మదాబాదులోని జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘం తన సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకున్నది. ఆ నియమం చెల్లుతుందనీ, సంఘంలో చేరిన సభ్యుడు దాని నియమావళికి కట్టుబడవలసినవాడేననీ 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. కార్యదర్శిగా నాకు అది బలమైన ఆయుధమే. మనిషిగా చదివితే గొంతు ఎండింది. సంఘాలన్నీ అదే బాట పట్టి ఉంటే, చాప చంకన పెట్టుకుని రైలు దిగిన మావంటివారికి ఈ భవనంలో చోటెక్కడిది?

బస ఇవ్వడమే నేరమనడానికి సూరత్ తగిన ఊరు కాదు కూడా. ముగలీసరాలోని నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయం 1644లో, షాజహాను కాలంలో, హజ్ యాత్రికుల కోసం కట్టిన సరాయి. 1867లో పురపాలక కార్యాలయం అందులో ప్రవేశించింది. సరాయి నడిపేవారు జిల్లా మేజిస్ట్రేటు వద్ద నమోదు కావాలని చెప్పే సరాయిల చట్టం వచ్చినదీ ఆ ఏడాదే. గుజరాత్ ప్రభుత్వం 2014లో తెచ్చిన హోమ్‌స్టే విధానం ఇంటిలో అతిథులను ఉంచుకొనే వారికి కరెంటు, ఇంటిపన్నుల విషయంలో గృహ రేట్లే వర్తింపజేసి ప్రోత్సహించింది. దాని షరతు ఒకటి ఉన్నది: యజమాని కుటుంబం ఆ ఇంటనే నివసించాలి. అద్దెవారి వివరాలు ఠాణాలో తెలుపాలన్న ఉత్తర్వులు పోలీసుల నుండి ఎటూ వస్తూనే ఉంటాయి.

ఇతర దేశాల సంగతీ చూచాను. న్యూయార్క్ 2023 సెప్టెంబరు నుండి ముప్పది రోజులలోపు బసకు నమోదు తప్పనిసరి చేసి అమలు మొదలుపెట్టింది. యజమాని ఇంటిలో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించరాదు. బార్సిలోనా మేయరు 2024లో ఇంకొంచెం ముందుకు పోయి, పర్యాటకుల కిచ్చే 10,101 ఇండ్ల అనుమతులను 2028 నవంబరు నాటికి ముగించివేస్తామని ప్రకటించాడు. అక్కడ స్థానికులకు అద్దె ఇండ్లు అందని మండిపాటు ఉన్నది. మాకు ఆ బాధ లేదు. మా బాధ ఒక్కటే: నడిరేయి ఏదైనా జరిగితే తలుపు తీసేదెవరు?

ఆదివారం సర్వసభ్య సమావేశానికి అక్క హైదరాబాదు నుండి వచ్చింది. వస్తూనే అందరికీ చేతులు జోడించి క్షమాపణ చెప్పింది. నిషేధపు మాట వినగానే మాత్రం స్వరం మారింది. "ఇల్లు నాది, అప్పు నాది, పన్ను నాది. తాళం మాత్రం మీదా?" అన్నది. ఎదుటి ఇంటి వ్యాపారి నెమ్మదిగా, "ఇల్లు నీదే బహెన్. గోడ మాత్రం ఇద్దరిదీ" అన్నాడు. ఆయన కోపంగా అని ఉంటే జవాబు చెప్పేదేమో. ఆమె కూర్చున్నది.

నేను వ్రాసినది చదివాను. రోజుల లెక్కన బసకు నిషేధం లేదు. అంకెల పెట్టె తీసివేయాలి. యజమాని గాని, యజమాని తరఫున బాధ్యత వహించే మరొక నివాసి గాని భవనంలో ఉండాలి. తాళంచెవి ఆ మనిషి చేతి మీదుగానే ఇవ్వాలి. వచ్చినవారి వివరాలు పుస్తకంలో వ్రాయించాలి. ఒకేసారి నలుగురికి మించరాదు. వాదన రెండు గంటలు సాగింది. పూర్తి నిషేధం కావాలన్నవారు చివరకు తొమ్మండుగురు మిగిలారు. వారిలో ఒకరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. వారి ఇంటిలో ఊపిరితిత్తుల రోగి ఉన్నాడు. ఆ రాత్రి ఆయనను కుర్చీతో సహా మోసుకుని దిగవలసి వచ్చింది. నేను ఆయన మౌనాన్ని తప్పుపట్టలేను.

తీర్మానం నెగ్గింది గాని అక్క ముఖం విప్పారలేదు. "నేను నెలలో పది రోజులైనా ఇక్కడ ఉండలేను తమ్ముడూ. నా బదులు జవాబు చెప్పేవాళ్ళెవరున్నారు?" అని అడిగింది. సభలో ఎవరూ పలకలేదు. కార్యదర్శిని గనుక నేనూ పలకరాదని తల వంచుకున్నాను.

చివరి వరుసలో కునుకుతున్నదనుకున్న మా అమ్మ, "ఆ చెవి ఇటియ్యి" అన్నది.

డెబ్బది దాటిన మనిషికి ఇదేమి బరువని ఇంటిలో నేను విసుక్కున్నాను. ఆమె లెక్కచేయలేదు. మరునాడు నూరు పుటల నోటు పుస్తకం తెప్పించి, గీతలు గీయించుకుని దేవుని గూటి ప్రక్కన పెట్టుకున్నది. గత వారం తెల్లవారుజామున జగిత్యాల నుండి ఒక యువ వర్తకుడు వచ్చాడు. గుర్తింపు కార్డు చూపి, సంతకం చేసి, చేయి చాచాడు. మా అమ్మ చెవి ఇవ్వలేదు. ముందు పొయ్యి మర ఎటు త్రిప్పితే మూతపడుతుందో మా వంటింటిలోకి తీసుకుపోయి చూపించింది. ఆ తరువాత, "మీది పద్మశాలోళ్ళ వాడనా? ఎవరి కొడుకువు?" అని అడగడం మొదలుపెట్టింది.