ఎవరూ పట్టని శ్రుతి

పెళ్లిపందిట్లో వరుడి కాళ్లు కడుగుతున్నారు. స్పీకర్లలోంచి ఒకటే మోత: గుయ్‌య్. పాట ఆపినా ఆగదు, పురోహితుడు మంత్రం ఆపినా ఆగదు. మైకుసెట్టు కుర్రాడు వంగి ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేస్తాడు. మోత టక్కున తెగుతుంది. జనం ఊపిరి పీల్చుకుంటారు. బ్యాటరీ ఇరవై నిమిషాలకి మించి రాదని తెలిసింది ఆ కుర్రాడొక్కడికే. తలంబ్రాల వేళకి మళ్లీ గుయ్‌య్.

గుంటూరు నుంచి ఒంగోలు దాకా శ్రీరామనవమి పందిరి కానివ్వండి, పద్యనాటకాల పోటీ కానివ్వండి, ఈ అతిథి పిలవకుండానే వస్తాడు. పైగా ఆ మోతకి ఒక శ్రుతి ఉంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. స్పీకర్లో వినపడేది ఆ యాభై, దాని రెట్టింపు నూరు, ఆపైన ఇంకొన్ని రెట్లు. హార్మోనియం మెట్లతో సరిచూస్తే అది ఐదు శ్రుతికి కాస్త పైన, ఐదున్నరకి కింద ఉంటుంది. ఐదులో పాడినవాడికీ అపశ్రుతే, ఐదున్నరలో పాడినవాడికీ అపశ్రుతే. డాలస్‌లో ఉగాది చేసుకునే మనవాళ్లకీ సుఖం లేదు. అక్కడి కరెంటు 60 సార్లు ఊగుతుంది కాబట్టి వాళ్ల మోత ఆరున్నరకీ ఏడుకీ మధ్య ఇరుక్కుంటుంది.

ఈ మోత పుట్టుక ఛార్జర్‌లోనే ఉంది. అది 230 వోల్టులని పందొమ్మిది, ఇరవై వోల్టులకి దింపడానికి కరెంటుని సెకనుకి వేల సార్లు, ఒక్కోసారి లక్ష సార్లు కట్ చేస్తుంది. ఆ రొద బయటికి పొక్కకుండా లోపల ఒక చిన్న కెపాసిటర్‌ని మెయిన్స్ వైపు నుంచి ల్యాప్‌టాప్ వైపుకి వంతెనలా వేస్తారు. ఆ వంతెన మీదుగా పిసరంత కరెంటు ఇవతలికి జారుతుంది. రెండు పిన్నుల ఛార్జరైతే దానికి భూమిలోకి దిగే దారే లేదు. లోహపు మూత మీద వేలి వెనకవైపు రాస్తే జిల్లుమంటుందే, అది ఇదే. ఆంప్లిఫయర్‌కి జాక్ గుచ్చగానే దానికి ఆ వైరే దారి అవుతుంది. మూత మీద అరచెయ్యి ఆనిస్తే మోత తగ్గిందంటే జబ్బు ఇదేనన్నమాట.

మూడు పిన్నుల ఛార్జర్ కథ వేరు. దానికీ ఎర్తుంది, ఆంప్లిఫయర్‌కీ ఎర్తుంది, ఆ రెండింటినీ పాట వైరు కలుపుతుంది. ఒకటి గోడ బోర్డులో, ఇంకొకటి యాభై అడుగుల అవతలి బోర్డులో ఉంటే రెండు ఎర్తుల మట్టం ఒకటి కాదు. పక్కపక్క మడుల్లో నీళ్లు ఎగుడుదిగుడుగా ఉంటే తూము ఊరుకుంటుందా? పాట వైరు ఆ తూము. పాటతో పాటు కరెంటూ అందులో పారుతుంది.

ఇక్కడే నేల సంగతి రావాలి. ఎర్తు గొయ్యి అంటే ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేసి మధ్యలో పైపు దింపి నీళ్లు పోసే గొయ్యి. ఇళ్లు కట్టే మేస్త్రీలు దాన్ని గుమ్మానికి కట్టే గుమ్మడికాయతో సమానంగా చూస్తారు: ఉండాలి గనక ఉంటుంది. పత్తికీ మిరపకీ పేరుమోసిన ఈ నల్లరేగడి తడిగా ఉన్నన్నాళ్లూ ఎర్తుకి బంగారం లాంటి నేల. ఎండితే మాత్రం పగుళ్లిచ్చి, పైపుని వదిలేసి పక్కకి జరుగుతుంది. కల్లాల్లో మిరపకాయలు ఎండేదీ, పెళ్లిళ్లూ నాటకాలూ తిరునాళ్లూ ముంచుకొచ్చేదీ ఆ ఎండిన నెలల్లోనే. నేల చెయ్యి వదిలేసిన కాలంలోనే ఊరంతా మైకు పట్టుకుంటుంది. గొయ్యిలో రెండు బిందెల నీళ్లు పొయ్యమంటే నవ్వేవాళ్లు వేలకి వేలు పోసి కొత్త ఆంప్లిఫయర్ కొంటారు. మోత దానికీ వస్తుంది.

నవ్వేవాళ్లని క్షమించవచ్చు. ప్లగ్గు మూడో పిన్నుని కటింగ్ ప్లేయర్‌తో విరిచి "సెట్టయిపోయిందండీ" అనేవాణ్ని క్షమించకూడదు. మోత పోతుంది, నిజమే. దాంతో పాటే ఎర్తు కాపలా కూడా పోతుంది. ఆంప్లిఫయర్ లోపల ఒక ఫేజు వైరు ఊడి పెట్టెకి తగిలిన రోజున ఆ కరెంటుకి దొరికే దారి మైకు పట్టుకున్న మనిషే. తడికాళ్లతో హారతిపళ్లెం పట్టుకునే చోట ఇలాంటి తెలివి చూపించేవాడికి వైరు ముట్టుకునే హక్కు ఉండకూడదు.

మందు సులువే. ల్యాప్‌టాప్, మిక్సర్, ఆంప్లిఫయర్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలిస్తే చాలాసార్లు సగం మోత పోతుంది. మిగతా సగానికి ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాంట్లో రెండు తీగచుట్టలు, మధ్యలో ఇనుము. పాట అయస్కాంతమై ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకి దాటుతుంది. తీగ మాత్రం ఎక్కడా కలవదు. వేదికల మీద వాడే పాసివ్ డీఐ బాక్సుల్లో ఉండేదీ ఇదే. మౌసు కదిపినప్పుడల్లా కీచుమంటే యూఎస్‌బీ సౌండ్‌కార్డు కొంత ఆదుకుంటుంది గానీ రెండు ఎర్తుల మధ్య దారిని తెంచలేదు. బ్లూటూత్ తెంచుతుంది.

కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ ప్రభల కింద ఈ వైద్యాలన్నీ చేతులెత్తేస్తాయి. జనరేటర్ మీద నడిచే ఆ దీపాల గోపురం ముందు నిలబడి మోత గురించి ఫిర్యాదు చేసేవాడు తిరునాళ్లకి రాకుండా ఉండాల్సింది.

అసలు ఏ వైరూ అక్కర్లేకుండా ఊరంతటికీ వినిపించిన వాద్యం ఈ నేల మీద ఉంది: నాదస్వరం. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నాదస్వరం నేర్చుకున్నారు. తర్వాత తమిళనాడు వెళ్లి నాచ్చియార్‌కోయిల్ సోదరుల దగ్గర తంజావూరు బాణీ పట్టారు. శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుడి సన్నిధిలో వాయించారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాయి. నాదస్వరానికి పక్కన ఒత్తు ఉండేది. పొడవాటి గొట్టం, ఒకటే స్వరం. ఊదేవాడు బుగ్గల్లో గాలి నిల్వ చేసుకుంటూ ముక్కుతో ఊపిరి తీసుకుంటూ కచేరీ అయ్యేదాకా స్వరం తెగనివ్వడు. నాదస్వరం ఎంత పైకి ఎగిరినా దిగి రావడానికి అక్కడొక గూడు ఉండేది. ఒత్తు ఊదేవాడి పేరు పత్రికల్లోకి రాదు, కచేరీ అయ్యాక దండ పడదు, బుగ్గలు మాత్రం రెండు గంటల పాటు ఉబ్బే ఉంటాయి. తర్వాత శ్రుతిపెట్టె వచ్చింది. ఆ తర్వాత కరెంటు శ్రుతిపెట్టె వచ్చింది. దానికీ ఒక అడాప్టర్ ఉంటుంది, రెండు పిన్నులది.