నాలుగు బైట్ల జాగా



మన పాత గ్రూపు ఒక్క రాత్రిల బందయిన సంగతి మీకు యాదుండే ఉంటది. ఎందుకు మూసిండ్రో ఎవరూ చెప్పలే. హాస్టల్ సమస్యల మీద రాసినవి, కేస్లాపూర్ జాతర ఫోటోలు, పెద్దమనుషుల దగ్గర కూర్చొని రాసుకున్న కథలు అన్నీ దాంతోనే పోయినయి. ఒక్క కాపీ లేదు. తప్పు సగం మనదే. ఇల్లు కిరాయిదని మరిచి సామానంతా దాంట్లనే పెట్టినం.

అందుకే కరీంనగర్‌ల నా రూములో పాత ల్యాప్‌టాప్ మీద డెబియన్ లినక్స్ వేసి, ఫ్రెండికా ఎక్కించడానికి కూర్చున్న. మాస్టోడాన్ గూడా చూసిన. దాంట్ల మామూలుగా ఒక పోస్టుకు 500 అక్షరాలే, మన రాతలు అంతలో ఆగవు. ఫ్రెండికాలో ఎంత పొడుగైనా రాసుకోవచ్చు. రెండింటికీ యాక్టివిటీపబ్ అనే ఒకే పద్ధతి తెలుసు కాబట్టి మాస్టోడాన్‌లో ఉన్నోళ్లు కూడా మనల్ని ఫాలో కావొచ్చు. ఏ గూడెం పటేల్ ఆ గూడానికే, అయినా చుట్టరికాలు నడుస్తయి కదా, గట్లనే.

అపాచీ, పీహెచ్‌పీ, మరియాడీబీ ఎక్కినయి. డేటాబేస్ దగ్గర ఆగిపోయిన. ఒక పాత గైడ్ చూసి ‘యూటీఎఫ్8’ అని పెట్టి, ముందుగా చిన్న టేబుల్ మీద పరీక్ష చేసిన. తెలుగు వాక్యం ఎక్కింది. గుంజాల గోండి లిపిలో మా నాయనమ్మ పేరు పెట్టిన. ఎర్రర్. మళ్ళీ పెట్టిన. మళ్ళీ ఎర్రరే.

కారణం తెలిసేసరికి తెల్లారింది. తెలుగు అక్షరానికి 3 బైట్లు చాలు. గుంజాల గోండి అక్షరాలు 2018 జూన్‌లో యూనికోడ్ 11తో చేరినయి, వాటికి ఒక్కోదానికి 4 బైట్లు కావాలి. ఆ పాత ‘యూటీఎఫ్8’ల ఉన్న జాగా 3 బైట్లే. ‘యూటీఎఫ్8ఎంబీ4’ అని మార్చిన. నాయనమ్మ పేరు కూర్చుంది.

కావాలని మన లిపిని ఎవరూ ఆపి ఉండరు. కట్టినప్పుడు మనం వాళ్ల యాదిల లేము, అంతే. సర్వర్ మనదైతే ఆ ఒక్క మాట మార్చుకునే వీలు మన చేతుల ఉంటది.

నా ఫోన్ల ఆ పేరు ఇంకా డబ్బాలుగనే కనపడుతుంది. నోటో ఫాంట్ వేసిన ల్యాప్‌టాప్‌ల సక్కగ ఉంది. డబ్బాలు చూసి పరేషాన్ కావొద్దు, అక్షరం లోపల పదిలంగానే ఉంది.

ఇంకా పని ఉంది. నా రూము నెట్‌తో బయటోళ్లు ఈ ల్యాప్‌టాప్ దాకా రాలేరు, కరెంటు పోతే అదీ పోతది. చిన్న సర్వర్ కిరాయికి తీసుకోవాలె. అది కూడా కిరాయిదే, కానీ కాపీ మన దగ్గరుంటే రేపు ఇంకో సర్వర్‌కు మారొచ్చు. అడ్రస్ పేరు మాత్రం ఇప్పుడే అందరం కలిసి ఖాయం చేద్దాం. తర్వాత మారిస్తే బయటి సర్వర్లకు మనం కొత్తోళ్లమే.

ప్రతి ఆదివారం డేటాబేస్, ఫోటోల ఫోల్డర్ రెండూ కాపీ తీయాలె. ఒకటి కరీంనగర్‌ల, ఒకటి ఉట్నూర్‌ల ఉండాలె. ఆ పనికి ఇద్దరు కావాలి. లినక్స్ రాకున్నా పర్వాలేదు తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, నేను నేర్పిస్త.

అప్పటిదాకా ఈ గ్రూపుల మీరు రాసినవి ఎవరివి వాళ్లు కాపీ చేసి పెట్టుకోండ్రి. ఇదీ కిరాయి ఇల్లే.