చదివిన అడవి, చూసిన అడవి

మద్దిలపాలెం ఆర్టీసీ డిపో దాటి లోపలి వీధుల్లోకి వస్తే, ఒక పాత మేడ మీద మా రేకుల గది ఉంటుంది. పాడేరు, హుకుంపేట, ముంచింగిపుట్టు, అనంతగిరి నుంచి చదువులకీ కోచింగులకీ వచ్చినవాళ్ళం ఒకరి తర్వాత ఒకరం ఆ గదిలో ఉంటూ వచ్చాం. కొందరం ఇప్పుడు ఆశ్రమ పాఠశాలల్లో మాస్టర్లం. కొందరం ఇంకా పోటీ పరీక్షల పుస్తకాల మధ్యే ఉన్నాం. నెలకో ఆదివారం మాత్రం అందరం అక్కడికి చేరతాం. చేతిలో ఏ పుస్తకం ఉందో, ఎంతవరకు వచ్చామో, ఎందుకు ఆగిపోయామో చెప్పుకుంటాం. చదవకుండా వచ్చినవాళ్ళు టీలు తేవాలి. మొదట్లో టీలు తెచ్చేవాళ్ళే ఎక్కువ.

నవలల్నీ వాటి నుంచి తీసిన సినిమాల్నీ పక్కపక్కన పెట్టి మాట్లాడుకోవడం మాకు ఆ గదిలోనే అలవాటైంది. మా వార్డెనమ్మల తరం వాళ్ళు ఈ పని ఎప్పుడో చేశారు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' చదివి, 1976లో సినిమా వచ్చాక నాగేశ్వరరావు ఆ రాజశేఖరానికి సరిపోయాడా లేదా అని వాదించుకున్నవాళ్ళు. మా వాదన అక్కడ మొదలు కాలేదు. ఆ నవలల్లోని మేడలూ కార్లూ మాకు పుస్తకంలోనూ దూరమే, తెర మీదా దూరమే. అడవి కథ వచ్చినప్పుడే మాకు పట్టింపు వచ్చింది.

'కొండపొలం' సంగతి చెబుతాం. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ఈ నవలకు 2019లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది. కరువు రోజుల్లో కడప వైపు గొల్లలు గొర్రెల్ని తోలుకుని నల్లమల లోపలికి పోయి, వారాల తరబడి అక్కడే ఉండి మేపుకొస్తారు. దానినే కొండపొలం అంటారు. ఇంజనీరింగు చదివి ఉద్యోగం రాని కుర్రాడు తండ్రితోపాటు ఆ మంద వెంట నడుస్తాడు. సీమ మాటలు మాకు కొత్త. మొదటి ఇరవై పేజీలు ఒకరికొకరం అర్థాలు అడుగుతూ చదివాం. తర్వాత అడగడం మానేశాం. అడవిలో రాత్రి కాపలా, చప్పుడు విని జంతువును పోల్చుకోవడం, నీళ్ళ జాడ తెలిసిన పెద్దవాళ్ళు ముందు నడవడం మనకు తెలిసిన సంగతులే కదా. సీమ మాటల్లో మన తాతలు కనిపించారు.

అదే నవలను క్రిష్ దర్శకత్వంలో సినిమా తీశారు. 2021 అక్టోబరులో విడుదలైంది. నవలలో లేని ఓబులమ్మ అనే అమ్మాయి సినిమాలో వచ్చింది. ఇది మాకు పెద్ద నేరంగా తోచలేదు. సినిమా అన్నాక ఒక హీరోయిన్ ఉండాలంటారు, పైగా నవలా రచయిత కూడా సినిమా పనిలో పాలు పంచుకున్నారు. నల్లమల కథను వికారాబాద్ అడవుల్లో తీశారు. 'ఆ చెట్టు నల్లమలది కాదు' అని మాలో ఒకడు ప్రతి పది నిమిషాలకూ అనేవాడు. నల్లమల వాడూ చూసినవాడు కాదు, మేమూ చూడలేదు. నవ్వుకున్నాం. పులి గ్రాఫిక్స్ పులి. పుస్తకంలో పులి కనిపించనంతసేపూ ఉన్న భయం, సినిమాలో అది కనిపించాక తగ్గింది. ఈ మాట మీద మాకు ఒక్కరికీ తేడా రాలేదు.

తేడా వేరేచోట వచ్చింది. సినిమాలో ఆ కుర్రాడు అటవీ సర్వీసు ఇంటర్వ్యూకు వచ్చి, అధికారుల ముందు కూర్చుని తన కొండపొలం కథ చెబుతాడు. అడవిలో నేర్చుకున్న ధైర్యమే అతన్ని ఆ కుర్చీ దాకా తెచ్చిందన్నమాట. హాల్లో కూర్చుని చూసినవాళ్ళకు అది గెలుపు. మా గదిలో మాత్రం ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. మాలో ఒక తమ్ముడు అప్పటికే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పరీక్షకు తయారవుతున్నాడు. వాళ్ళ ఇంట్లో పోడు భూమికి ఇప్పటికీ పట్టా లేదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, దరఖాస్తులు పెట్టారు, కొలతలకు వచ్చారు, వెళ్ళారు. వాడు చిన్నప్పుడు ఖాకీ బట్టలవాళ్ళు వచ్చి వాళ్ళ తాత గొడ్డలి పట్టుకుపోయిన రోజు వాడికి గుర్తుంది. ఆ గొడ్డలి మళ్ళీ ఇంటికి రాలేదు.

'ఆ బట్టలు నువ్వేసుకుంటావా?' అని ఒకడు అడిగాడు.

'మనవాడే అక్కడ ఉంటే గొడ్డలి పట్టుకుపోడు కదన్నా' అన్నాడు తమ్ముడు.

'పట్టుకుపొమ్మని పైవాడు చెబితే?'

ఆ ఆదివారం పుస్తకం గురించి ఇంకేమీ మాట్లాడుకోలేదు.

ఈ మాట ఇక్కడ ఆపి, వెనక్కి 'ఆర్‌ఆర్‌ఆర్' దగ్గరకు వెళ్ళాలి. అది నవల నుంచి తీసింది కాదు. కల్పిత కథ అని తీసినవాళ్ళే చెప్పారు. 2022 మార్చి 25న విడుదలైంది. సరిగ్గా పది రోజులకు, ఏప్రిల్ 4న, పాడేరు కేంద్రంగా మన జిల్లా అల్లూరి సీతారామరాజు పేరుతో ఏర్పడింది. ఆ వేడిలో అందరం కలిసి చూశాం, ఈలలూ వేశాం. దాచుకోవడం ఎందుకు? పులితో తలపడే భీంను చూసి ఈల వేయని ఆదివాసీ కుర్రాడెవడు? చివరికి వచ్చేసరికి రాముడు 'నీకేం కావాలి' అని అడిగితే భీం చదువు అడుగుతాడు. తనకూ తనవాళ్ళకూ చదువు కావాలంటాడు. మాలో టీచరుగా ఉన్న అక్కయ్య ఆ రాత్రి గదికి వచ్చాక అంది: 'అంత బలం ఉన్నోడికి అక్షరం ఒక్కటే లేదన్నట్టు చూపించారేంటి?'

అప్పుడు వెతికి తెచ్చుకున్నాం సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' నవలను. భీం గురించి రాసిన, చెప్పుకునే కథల్లో అతను చంద్రపూర్ వైపు పోయి విఠోబా అనే ఆయన అచ్చు యంత్రం దగ్గర పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడు. అస్సాం తేయాకు తోటల దాకా వెళ్ళొచ్చాడు. అంటే అక్షరం ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, పనిచేస్తూ సంపాదించుకున్నది. 1940లో జోడెఘాట్‌లో చనిపోయేనాటికి లోకం తెలిసిన మనిషి. సినిమా అతనికి కండలు ఇచ్చి ఆ అక్షరాన్ని తీసేసుకుంది. పిల్లలకు పాఠం చెప్పేవాళ్ళం కాబట్టి మాకు ఇది చిన్న విషయంగా అనిపించలేదు. మా ఆశ్రమ పాఠశాల పిల్లలు ఆ సినిమాను పదిసార్లు చూశారు. నవల ఒక్కరూ చూడలేదు.

అల్లాణి శ్రీధర్ తీసిన 'కొమరం భీం' సినిమా ఒకటి ఉంది. 1990లో తయారై నంది అవార్డులు కూడా తెచ్చుకుంది. థియేటర్లకు రావడానికి 2010 దాకా పట్టింది. ఇరవై ఏళ్ళు! ఆ ఇరవై ఏళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళం మేము.

మన వైపు సంగతీ ఇలాంటిదే. రామరాజు మీద 1974లో కృష్ణ గారి సినిమా వచ్చింది. మన్యంలో అది చూడని ఇల్లు లేదు. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ముల్ని జనం రామరాజు వెనక నిలబడే మనుషులుగానే గుర్తుపెట్టుకున్నారు. ఆ మల్లుదొరే 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యారని మా క్లాసులో అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. మా గదిలో అడిగినప్పుడు కూడా రెండు చేతులే లేచాయి.

ఇంతవరకూ చదివి పుస్తకం మంచిది, సినిమా చెడ్డది అని తేల్చేశామనుకోకండి. మేమూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాం. ఆ మాట మా నోటి నుంచి పోగొట్టింది ఒక ఒరియా కథ.

భగవతీ చరణ్ పాణిగ్రాహి ఒడిశాలో కమ్యూనిస్టు పార్టీ తొలి నాయకుల్లో ఒకరు. ఆయన కథ 'శికార్'. ఘినువా అనే ఆదివాసీ వేటగాడు. క్రూరమృగాన్ని చంపి తెస్తే దొరలు బహుమతి ఇస్తారు. అలా అలవాటైనవాడు, జనాన్ని పీక్కుతినే ఒక పెద్దమనిషి తల నరికి తీసుకుపోయి దొర ముందు పెడతాడు. అన్నిటికన్నా చెడ్డ మృగం ఇదే కాబట్టి అన్నిటికన్నా పెద్ద బహుమతి వస్తుందని అతని లెక్క. తర్వాత ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఈ కథనే మృణాళ్ సేన్ 1976లో 'మృగయా' పేరుతో హిందీలో తీశారు. మిథున్ చక్రవర్తికి అదే మొదటి సినిమా. సినిమాకు జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు, అతనికి ఉత్తమ నటుడి అవార్డు వచ్చాయి.

మాలో ఒక మిత్రుడు ఒడిశా వైపు చదువుకున్నవాడు, ఒరియా లిపి వచ్చు. ఇటుకల పండుగకు ఊరెళ్ళినప్పుడు వాడు ఆ కథను ఇంటి అరుగు మీద కూర్చుని చదివాడు. మగవాళ్ళు వేటకు పోయారు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు ఉన్నారు. మా ఇళ్ళలో మాట్లాడేది ఆదివాసీ ఒరియా. పుస్తకంలో ఒరియా అదే కాకపోయినా దగ్గరదే. తెలుగు పుస్తకం చదివితే దిక్కులు చూసే మా అమ్మలు ఈ కథను ఆపి ఆపి విన్నారు. 'తల తీసుకెళ్ళినప్పుడు పెళ్ళానికి చెప్పాడా?' అని ఒకావిడ అడిగింది. 'వాడు అమాయకుడు కాడు, లెక్క సరిగ్గానే వేశాడు' అంది ఇంకొకావిడ. కథ పది నిమిషాల్లో అయిపోయేది, గంట పట్టింది.

రాత్రి లాప్‌టాప్‌లో 'మృగయా' పెట్టాం. హిందీ వాళ్ళకు రాదు. మేం పక్కన కూర్చుని చెబుతుంటే, వద్దు, ఊరుకోండి అన్నారు. కొండలు చూశారు, గుడిసెలు చూశారు, ఆట చూశారు. ఎవరూ ఏమీ అడగలేదు. అయిపోయాక కళ్ళు తుడుచుకున్నారు. విన్నప్పుడు వాదించినవాళ్ళు చూసినప్పుడు ఏడ్చారు. ఏది గొప్ప అని తేల్చడానికి మా దగ్గర తక్కెడ లేదు. పుస్తకాన్ని ఎక్కడంటే అక్కడ ఆపి మాట్లాడొచ్చు, సినిమా మన కోసం ఆగదు. కానీ అక్షరం రాని మనిషి ఎవరి సాయమూ లేకుండా చేరుకోగలిగింది సినిమానే. ఒక్కటి మాత్రం అడిగారు, మర్నాడు పొద్దున: 'ఆ కుర్రోడు మనోడేనా?' కాదన్నాం. 'అనుకున్నాం. నడక మనది కాదు' అన్నారు.

ఆ మాట విన్నాక సత్యజిత్ రాయ్ 'అరణ్యేర్ దిన్ రాత్రి' గుర్తొచ్చింది. సునీల్ గంగోపాధ్యాయ నవల నుంచి 1970లో తీసింది. అందులో సంతాల్ అమ్మాయి పాత్ర సిమీ గరేవాల్‌ది. ఒళ్ళంతా నల్లరంగు పూసి నటింపజేశారు. అంత పెద్ద దర్శకుడికి కూడా ఒక సంతాల్ అమ్మాయి దొరకలేదంటే మేం నమ్మలేకపోయాం.

గోపీనాథ్ మహంతి 'అమృత సంతానం' ఈ మధ్య మా గదిలో చేతులు మారుతోంది. కోరాపుట్ కొండల్లోని కోందుల మీద రాసిన నవల. ఒరియాకు మొదటి సాహిత్య అకాడమీ అవార్డు 1955లో దీనికే వచ్చింది. తెలుగులోకి తెచ్చింది విశాఖలో ఉండిన పురిపండా అప్పలస్వామి గారు. పెద్ద పుస్తకం, సగంలో ఉన్నాం. దీన్ని సినిమా తీస్తే ఎలా ఉంటుందని ఒక ఆదివారమంతా ఊహించుకున్నాం. ఎవరు నటించాలన్న దగ్గర గొడవ లేదు. ఏ భాషలో మాట్లాడాలన్న దగ్గరే తెగలేదు. కువి మాట్లాడే మిత్రుడు కువిలోనే అన్నాడు, కింద తెలుగు అక్షరాలు వేస్తే చాలన్నాడు. 'మీ అమ్మకు సరే, మా అమ్మకు?' అన్నాం మిగతావాళ్ళం. వాడు నవ్వి, 'ఇన్నాళ్ళూ అన్ని సినిమాలూ మా అమ్మ అలాగే చూసింది' అన్నాడు.

ఇక బీట్ ఆఫీసర్ తమ్ముడి సంగతి. వాడు 'కొండపొలం'ను ఊరు తీసుకెళ్ళి, వాళ్ళ మామ్మకు కథంతా చెప్పాడట. సినిమా కూడా ఫోన్‌లో చూపించాడు. మొత్తం చూసి ఆమె అడిగిందట: 'ఒరే, ఆ గుంటడు ఆఫీసరైపోనాక వాళ్ళ నాన్న గొర్రెల్ని అడవిలోకి రానిచ్చినాడా లేదా?'

సినిమా అంతవరకు చెప్పదు. వాడూ చెప్పలేకపోయాడు. మా గదికి వచ్చి మమ్మల్ని అడిగాడు. నవలను మళ్ళీ తిరగేశాం. ఒకడు రానిస్తాడన్నాడు, ఒకడు రానివ్వలేడన్నాడు. అక్కయ్య మాత్రం, 'రానిచ్చాడో లేదో నువ్వు రాయి, ఉద్యోగం వచ్చాక రాసినా పర్లేదు' అంది. వాడు పరీక్ష మానలేదు. మానమని మేమూ చెప్పలేదు.

వచ్చే నెల మల్లిపురం జగదీశ్ 'శిలకోల' కథలూ, రమేశ్ కార్తీక్ నాయక్ 'ధావ్లో'నూ తీసుకుంటున్నాం. 'ధావ్లో'కు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఇద్దరూ మనవాళ్ళే, ఒకరు ఉత్తరాంధ్ర కొండల నుంచి, ఒకరు లంబాడీ తండా నుంచి. ఒక్కో కథ ఒకరు గట్టిగా చదవాలి, ఇంకొకరు ఇంటి భాషలోకి చెప్పాలి, ఫోన్‌లో రికార్డు చేసి ఊళ్ళకు పంపాలి అనుకున్నాం. అమ్మలు మధ్యలో ఆపి ఏం అడిగారో రాసుకు రావడం ఈసారి అందరి పని. రాసుకు రానివాళ్ళే టీలు తేవాలి.