బంగారం లాంటి బండి

తెనాలిలో ఆ ఇంటి అబ్బాయికి బండి నడపడమే తెలుసు. ఉద్యోగం గుంటూరులో. రానూపోనూ రోజుకు 50 కిలోమీటర్లు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ బైకు దారిలో ఆగలేదు. 'నా బండి బంగారం' అని ఆఫీసులో గొప్పలు పోయేవాడు.

ఓ వానాకాలం సాయంత్రం ఆ బంగారమే మొరాయించింది. వెనక భార్య, ఇద్దరి మధ్యా నాలుగేళ్ల పాప. వారం నుంచీ చెయిన్ కవర్ లోపల కటకటమని చప్పుడు వస్తూనే ఉంది. అతను పట్టించుకోలేదు. స్పీడ్ బ్రేకర్ దాటి గేరు మార్చగానే ఠప్పుమంది. ఇంజిన్ అరుస్తోంది గానీ బండి కదలదు. చెయిన్ ఊడిపోయింది! మెల్లగా వెళ్తున్నారు కాబట్టి సరిపోయింది. వేగంగా వెళ్తున్నప్పుడు ఊడిన చెయిన్ చిక్కుకుంటే వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. పాప తల నిమురుతూ భార్య ఇంటిదాకా మాట్లాడలేదు.

దారిలో షాపువాళ్లు చెయిన్ ఎక్కించి, బాగా బిగించి పంపారు. సంగతి విన్న తండ్రి వరండాలోంచి లేచొచ్చారు. కవర్‌కున్న రబ్బరు మూత తీసి, వేలితో చెయిన్‌ని కదిపి చూశారు.

"వీణ తీగలా బిగించారు. రేపు ఆదివారమేగా, పొద్దున్నే లే" అన్నారు. ఆర్టీసీ గ్యారేజీలో ముప్ఫై ఏళ్లు మెకానిక్‌గా చేసిన మనిషి ఆయన.

తెల్లారేసరికి తల్లి మెట్ల కింద నుంచి ఓ పాత డబ్బా తెచ్చిపెట్టింది. అందులో రెండు పానాలు, అరిగిన టూత్ బ్రష్, కిరసనాయిలు సీసా, గేరు ఆయిల్, పాత గుడ్డలు.

"ఇవన్నీ ఎక్కడివమ్మా?"

"రెండు వారాలకోసారి నువ్వు నిద్ర లేచేలోపు మీ నాన్న చేసే పనేగా! చేతులు వణకడం మొదలయ్యాక ఆపేశారు" అందావిడ.

అతనికి ఏమనాలో తోచలేదు. పానా అందుకున్నాడు.

ఆయన స్టూలు మీద కూర్చుని చెబుతుంటే అతను చేశాడు. బండికి సెంటర్ స్టాండు వేసి న్యూట్రల్‌లో పెట్టాడు. "ఇంజిన్ ఆపే ఉండాలి. నడుస్తుండగా తుడిస్తే గుడ్డతోపాటు వేలూ పోతుంది" అని హెచ్చరించారాయన. కవర్ విప్పి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ కిరసనాయిలులో ముంచిన బ్రష్‌తో మట్టి వదిలించి, పొడిగుడ్డతో తుడిచాడు.

"చెయిన్ సాగిందంటారు గానీ ఇనుము సాగదురా. లింకుల్లో పిన్నులూ బుష్షులూ అరుగుతాయి. ఒక్కోచోట అరిగేది వెంట్రుకవాసే. వందకు పైగా లింకులు కదా, అన్నీ కలిసి చెయిన్ వేలాడుతుంది."

"మరి బిగిస్తే మంచిదేగా నాన్నా?"

"ముగ్గురు కూర్చుంటే వెనక షాక్ అబ్జార్బర్లు కుంగుతాయి. అప్పుడు రెండు పళ్లచక్రాల మధ్య దూరం కాస్త పెరుగుతుంది. ఆ మాత్రం వదులు లేకపోతే భారమంతా చెయిన్ మీదా బేరింగుల మీదా పడుతుంది."

వెనక యాక్సిల్ నట్ వదులు చేయించారు. రెండు పక్కలా అడ్జస్టర్లను సమానంగా వెనక్కి తిప్పించి, చక్రాన్ని కొంచెం ముందుకు నెట్టించారు. రెండువైపులా గీతలు ఒకేచోట ఉండాలి, లేదంటే చక్రం వంకరగా నిలబడుతుంది. పళ్లచక్రాల నడుమ, కింది వరసను పైకీ కిందకీ కదిపితే ఆ బండి పుస్తకంలో రాసినట్టు 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. చక్రం తిప్పుతూ నాలుగుచోట్ల చూసి, అన్నిటికన్నా బిగువుగా ఉన్నచోట ఆ కొలత పెట్టుకోవాలి.

నట్ బిగించడానికి ఆయనే పానా పట్టారు. చెయ్యి వణికి జారిపోయింది. రెండోసారీ అంతే. అతను మాట్లాడకుండా తండ్రి చేతి మీదే తన చెయ్యి వేసి లాగాడు. నట్ బిగిసింది. "ఒకసారి షాపులో టార్క్ రెంచితో చూపించు" అన్నారాయన, ఎటో చూస్తూ. చక్రం జరిగింది కాబట్టి బ్రేకు రాడ్ కూడా సరిచేసి, చెయిన్ వదులు మళ్లీ చూసుకున్నారు. కింది వరస లోపలి వైపు చుక్కచుక్కగా గేరు ఆయిల్ వేసి, ఎక్కువైంది తుడిచేశారు.

"వానలో తడిస్తే ఆయిల్ వెయ్యి. అడ్జస్టర్ చివరిదాకా వచ్చినా, పళ్లు కొక్కేల్లా వంగినా మార్చెయ్. చెయిన్ ఒక్కటే కాదు, రెండు పళ్లచక్రాలూ కలిపి."

ఇప్పుడు రెండో ఆదివారం వస్తే అతను అందరికన్నా ముందే లేస్తున్నాడు. ఆయిల్ సీసా పట్టుకునే పని పాపది. అంతా అయ్యాక తాతయ్య వేలితో కదిపి "చాలు" అంటేనే కవర్ బిగిస్తారు.

'నా బండి బంగారం' అని మాత్రం అతనిప్పుడు ఎవరి దగ్గరా అనడం లేదు. ఆ బంగారం ఎవరి చేతిలో ఉందో తెలిసింది మరి!