ఆగడం కోసం

మిషిగన్‌లో నేను నడిపేది ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్. చూపులకు సాదాసీదా హ్యాచ్‌బ్యాక్. ఇంజను శక్తి మాత్రం నాలుగు చక్రాలకూ అందుతుంది. "అటువంటి బండికి శీతకాలపు టైర్లు దేనికండీ?" అని మిత్రులు అడుగుతూంటారు. లాగడం వేరు, ఆగడం వేరు. ఆ యంత్రాంగం మంచులో బండిని కదిలిస్తుంది గాని ఆపలేదు. ఆపవలసినదీ, మలుపులో నిలపవలసినదీ చక్రానికి అరచేయంత రబ్బరే. వేసవి టైరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన బిగుసుకొని పట్టు కోల్పోతుంది. అందుకే నవంబరులో నాలుగూ మారుస్తాను; ముందువి మాత్రమే మారిస్తే మలుపులో వెనుకభాగం జారిపోగలదు. వెనుక సీటులో నిద్రపోయే మా అమ్మాయికి అశ్వశక్తి లెక్కలతో పనిలేదు. ఎర్రదీపం దగ్గర బండి ఆగాలి, అంతే. స్టీరింగులో ఆ చురుకుదనం కాస్త తగ్గుతుంది, నిజమే. ఏప్రిల్ దాకా ఓర్చుకుంటాను.