జోజిలా దాటిన తరువాత

హిమాలయాలను పాఠ్యపుస్తకాలలోనే చూసిన మేము ఐదుగురు మిత్రులం, 2023 జూన్‌లో శ్రీనగర్ నుండి లేహ్‌కు జీపులో బయలుదేరాము. దూరం దాదాపు 430 కిలోమీటర్లు. మూడు రోజుల ప్రయాణం.

సోనామార్గ్ పచ్చికబయళ్ళు దాటగానే 3,528 మీటర్ల ఎత్తున జోజిలా కనుమ. ఒక ప్రక్క కొండ, మరొక ప్రక్క అగాధం. అవతల చెట్టన్నది అరుదు. వానమబ్బులను ఇవతలి పర్వతాలే ఆపివేయగా, ఆ నేల చలి ఎడారియై మిగిలింది. ద్రాస్‌లో మా దక్కనీ ఉర్దూ విని టీ దుకాణదారు చిరునవ్వు నవ్వాడు. ఇంటిలో షీనా మాట్లాడే అతనికీ మాకూ ఉర్దూయే వారధి అయింది.

రెండవనాడు కార్గిల్ విడిచి, 4,108 మీటర్ల ఫోటులా ఎక్కాము. తల పగిలిపోతున్నదని మాలో ఒకడు అక్కడే చెప్పాడు. మేము పరిహాసం చేశాము. లామాయూరు చేరేసరికి అతనికి వాంతులు మొదలై, అడుగులు తడబడ్డాయి. బస అక్కడే అనుకున్నాము.

"రాత్రి ఇక్కడ ఉండవద్దు సాహెబ్! క్రిందికి దిగడమే మందు" అన్నాడు కార్గిల్ వాసియైన మా డ్రైవరు. చీకటిలోనే మలుపులన్నీ దింపి, సింధునది ఒడ్డున ఉన్న ఖల్సీకి చేర్చాడు. తెల్లవారేసరికి మిత్రుడు తేరుకొని టీ అడిగాడు. డ్రైవరుకు అదనంగా ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

లేహ్‌ను తరువాత తనివితీరా చూశాము. కాని తోటివాని బాధను పరిహసించరాదన్న చిన్న పాఠం కోసం మేము అంత ఎత్తుకు పోవలసి వచ్చింది!